జెడ్ డ్రైవ్ వారికి జేజేలు

కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును శతకం పొడవునా దెప్పుతూనే కొలిచాడు. అంత విద్య నాకెక్కడిది? మెచ్చుకోవలసినవాళ్లను ఎదురుగా నిలబడి మెచ్చుకోవడమే నాకు చేతనవును. ఆ ధైర్యంతోనే ఉండిలో, భీమవరం నుంచి ఆకివీడు పోయే రోడ్డు పక్కన ఉన్న ఒకానొక రొయ్యల ఫీడ్ వ్యాపారం ఆఫీసునూ, ఆ ఆఫీసులో అందరూ పంచుకునే జెడ్ డ్రైవ్‌లో కొలువై ఉన్న ఫైలునూ కీర్తించబోతున్నాను. ఆఫీసు పేరు మాత్రం చెప్పను. మంచివాళ్లకు దిష్టి తొందరగా తగులుతుంది.

ఫైలు మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో పుట్టింది. పుట్టించినవాడు ఎకౌంటెంటు గారి బావమరిది, అప్పట్లో ఇంజనీరింగ్ సెలవులకు వచ్చిన కుర్రాడు. టైగర్ రొయ్య రోజుల్లో మొదలైన ఫైలు, 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక కూడా అదే చేవతో సాగుతోంది. రైతు పేరు, ఊరు, చెరువు ఎన్నెకరాలు, సీడ్ ఏ రోజు వదిలారు, ఫీడ్ బస్తాలు ఎన్ని అప్పు మీద వెళ్లాయి, పట్టుబడి నాడు కౌంటు ఎంత పడింది, టన్నులెన్ని దిగాయి, అన్నీ అందులోనే. చూపించే ఫారాలూ అందులోనే, అచ్చువేసే రిపోర్టులూ అందులోనే, వాటిని నడిపించే కోడూ అందులోనే. ఆ కోడుకు వేసిన పాస్‌వర్డు మాత్రం కుర్రాడితో పాటు డాలస్ వెళ్లిపోయింది. ఇంత భద్రత ఏ బ్యాంకులో ఉంది చెప్పండి? దొంగలు రాలేరు, బాగుచేసేవాళ్లూ రాలేరు.

1992లో మైక్రోసాఫ్ట్ వారు యాక్సెస్‌ను బజారులోకి తెచ్చినప్పుడు ఒక బల్ల, ఒక మనిషి, మహా అయితే పక్క బల్లల మీద ఇంకో నలుగురు అనుకుని ఉంటారు. కాగితం మీద మాత్రం ఒకేసారి 255 మంది తెరవచ్చని రాశారు. ఈ అంకె ఎకౌంటెంటు గారికి కంఠతా వచ్చు. ఆఫీసులో ఉన్నవి పన్నెండు కంప్యూటర్లు. ఫైలు మొరాయించినప్పుడల్లా ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఇంకా 243 మందికి చోటుందండి" అంటారు. అలాంటి ఆశావాది దగ్గర నిలబడి ఎవరు మాత్రం నిరాశగా మాట్లాడగలరు?

మూల గదిలో ఏసీ వేసి కూర్చోబెట్టిన పెట్టెను అక్కడ సర్వరు అంటారు. దాని నిర్లిప్తతకు రెండు చేతులూ జోడించాలి. అసలైన డేటాబేస్ సర్వరయితే ఫలానా రైతు బాకీ ఎంత అని అడగ్గానే తనే వెతికి, తనే కూడి, ఒక్క అంకె చేతిలో పెడుతుంది. ఇది అలా ఆత్రపడే రకం కాదు. ఫైలును ఒడిలో పెట్టుకుని ఊరుకుంటుంది. వెతకడం, కూడటం, రాయడం ఏ కంప్యూటరుకు ఆ కంప్యూటరే చేసుకోవాలి. 4 కిలోబైట్ల పేజీలుగా ఫైలును కేబులు వెంట లాక్కెళ్లి, చదివి, దిద్ది, మళ్లీ తెచ్చి అక్కడ పెట్టాలి. దారిలో ఏ ఒక్కటి తెగినా పేజీ సగం కొత్తదీ సగం పాతదీ అయి కూర్చుంటుంది. అది తెగడానికి కావలసిన ఏర్పాట్లు కూడా ఆఫీసువారు శ్రద్ధగానే చేశారు. సర్వరుకు యూపీఎస్ ఉంది. కంప్యూటర్లకూ ఉంది. వీటన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్చి మాత్రం టీ కెటిలు పక్కన మామూలు ప్లగ్గులో ఉంది. కరెంటు పోయిన క్షణాన అందరి తెరలూ వెలుగుతూనే ఉంటాయి, అందరి రాతలూ దారిలో ఆగిపోతాయి. కొల్లేరు వైపు వానలు పట్టాక కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోతుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ ఫైలు తెరవగానే పక్కనే అదే పేరుతో చిన్న తాళం ఫైలు ఒకటి పుడుతుంది. ఎండీబీ రోజుల్లో దాని తోక ఎల్‌డీబీ, 2007 నుంచి వచ్చిన కొత్త రకానికి ఎల్‌ఏసీసీడీబీ. లోపల ఎవరెవరు ఉన్నారో ఆ చిట్టాలో రాసి ఉంటుంది. ఒక్కొక్కరికి 64 బైట్లు, సగం కంప్యూటరు పేరుకు, సగం మనిషి పేరుకు. మనిషి పేరు దగ్గర అందరికీ ఒకటే మాట: అడ్మిన్. తూకం కుర్రాడు అడ్మిన్, బిల్లులు కొట్టే అమ్మాయి అడ్మిన్, చైర్మన్ గారూ అడ్మినే. జీతాల పట్టీలో కనపడని సమానత్వం ఇక్కడ 32 బైట్లలో సాధించారు. కంప్యూటరు పేర్లన్నా తేడాగా ఉంటాయా అంటే, విండోస్ తనంతట తాను పెట్టుకున్న డెస్క్‌టాప్ అనే ఇంటిపేరు, దాని పక్కన తలాతోకా లేని ఏడు అక్షరాలు. పైగా బయటికి వెళ్లిపోయినవాళ్ల పేర్లను ఆ చిట్టా వెంటనే చెరపదు. వెళ్లినవాళ్లను గుర్తుపెట్టుకునే ఆ సంస్కారం వల్ల, ఉన్నదెవరో కనుక్కోవడం ఒక సాయంకాలపు వ్యాపకం అవుతుంది.

ఇక ఫైలు గారి దేహపుష్టి గురించి. రోజూ పొద్దువాలగానే రిపోర్టు కోసం ఒక తాత్కాలిక టేబులు నింపుతారు, చూసుకుంటారు, చెరిపేస్తారు. చెరిపిన వరసలు కంటికి కనపడవు గానీ ఫైలు సైజు ఒక్క బైటు కూడా తగ్గదు. కాంపాక్ట్ అండ్ రిపేర్ అనే బొత్తాం నొక్కి, ఉన్న సరుకును కొత్త ఫైలులోకి సర్దించేదాకా ఆ ఖాళీ అలా పేరుకుంటూనే ఉంటుంది. 2 జీబీ దగ్గర గీత. అది దాటితే కొత్త వరస ఎక్కదు. ఆఫీసు ఫైలు ఆ గీత అంచున ఏళ్ల తరబడి నిలబడి ఉంది. అందులో అసలు సరుకు పదోవంతు ఉంటే గొప్ప. ఇదే చైర్మన్ గారు చెరువు గట్టు మీద నిలబడితే వినాలి. పట్టుబడి అయ్యాక నీళ్లు తోడించాలి, అడుగు మట్టి నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టాలి, నల్లమట్టి గీకించాలి, సున్నం చల్లాలి, అప్పుడే కొత్త నీరు, కొత్త సీడ్. ఎండబెట్టకుండా సీడ్ వదిలిన రైతును ఆయన నలుగురిలో కడిగేస్తారు. ఫైలును మాత్రం ఆయన అలా బాధపెట్టరు. పంటకీ పంటకీ మధ్య విరామం మట్టికి కావాలి గానీ లెక్కలకు ఎందుకన్నది ఆయన నమ్మకం.

నిజానికి ఆ బొత్తానికి ఉన్నది ఒకే ఒక షరతు. నొక్కే సమయానికి ఫైలు లోపల ఇంకెవరూ ఉండకూడదు. తెల్లవారుజామున పట్టుబడి తూకాలు. పగలు బిల్లులు. సాయంత్రం రిపోర్టులు. రాత్రి ఐసు వేసిన లారీ కదిలేదాకా గేటు దగ్గర కుర్రాడు. ఫైలు ఖాళీ అయ్యే గడియ లేదు. కొల్లేరునే తీసుకోండి, 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టడానికి 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో యంత్రాలు దిగాయి. ప్రభుత్వం తలుచుకుంటే సరస్సులోంచి చెరువులను కదిలించగలిగింది. (కదిలిన చెరువులు మళ్లీ ఎలా వచ్చాయన్నది వేరే స్తోత్రం.) జెడ్ డ్రైవ్‌లోంచి పన్నెండుమంది అడ్మిన్లను కదిలించడం మాత్రం ఏ ప్రభుత్వం వల్లా అయ్యేది కాదు.

ఒక రాత్రి అందరూ వెళ్లిపోయారని నమ్మి బొత్తాం నొక్కితే, ఫలానా యంత్రం మీద అడ్మిన్ అనే వాడుకరి ఈ డేటాబేస్‌ను తెరవడానికీ తాళం వేయడానికీ వీలులేని స్థితిలో ఉంచాడని యాక్సెస్ వినయంగా మనవి చేసింది. ఏ యంత్రం? డెస్క్‌టాప్, ఏడు అక్షరాలు. బల్ల బల్లకీ తిరిగి చూశారు. అన్నీ ఆపే ఉన్నాయి. సర్వరులో షేర్డ్ ఫోల్డర్ల జాబితా తెరిచి, ఏ ఐపీ నంబరు నుంచి పట్టుకుని ఉందో చూస్తే తేలింది: చైర్మన్ గారి గది. గదికి తాళం, తాళం చెవి భీమవరంలో, చైర్మన్ గారు పెళ్లిలో. "సారు తెర మీద రేటు చూసుకుంటారండి. మూసేస్తే మళ్లీ తెరవడం ఆయనకు రాదు, అందుకని మేమే మూయనివ్వం" అన్నారు ఎకౌంటెంటు గారు, కన్నతండ్రి గురించి చెప్పినంత ఆప్యాయంగా. సర్వరు నుంచే ఆ కనెక్షను తెంచే వీలుంది. చైర్మన్ గారి కనెక్షను తెంచే ఉద్యోగి ఆ ఆఫీసులో ఇంకా చేరలేదు. యజమాని నిద్రపోతున్నా, ఆయన కంప్యూటరు రాత్రంతా మేలుకుని ఆఫీసు మొత్తాన్ని ఆపగలుగుతోందంటే, కాపలా అంటే అదీ.

ఆ మహాయోగం చివరికి సంక్రాంతికి పట్టింది. ఊరు ఊరంతా కోడిపందేల బరుల దగ్గర ఉంది, చైర్మన్ గారితో సహా. ఆయన గది తాళం తీయించి, కంప్యూటరు ఆపించి, ఎకౌంటెంటు గారు తన ల్యాప్‌టాప్ తెరిచారు. ఇలాంటప్పుడు ఫైలును ముందు తన కంప్యూటరులోకి కాపీ చేసుకుని, పాతదాన్ని పేరు మార్చి పక్కన దాచి, ఇక్కడ సర్ది, అప్పుడు తిరిగి పెట్టడం పిరికివాళ్ల పద్ధతి. ఆయన నేరుగా జెడ్ డ్రైవ్ మీదే, అదీ వైఫైలో, బొత్తాం నొక్కారు. కాంపాక్ట్ అంటే పాత ఫైలును చదువుతూ పక్కన కొత్తది రాయడం, రాయడం అయ్యాక పాతది తీసి కొత్తదానికి ఆ పేరు పెట్టడం. 2 జీబీ గాలిలో ఇటు వచ్చి, మిగిలింది గాలిలో అటు వెళ్లాలి. మధ్యలో వైఫై ఒక్కసారి కళ్లు మూసి తెరిచింది. అంతే, సంతానం కలిగింది.

ఈ ఫోల్డరుకు సంతానం కొత్త కాదు. మాస్టర్ న్యూ, మాస్టర్ న్యూ ఫైనల్, ఫైనల్ రెండు వాడొద్దు, వాడొద్దు కరెక్ట్. ఒక్కొక్క పేరు వెనకా ఒక్కొక్క సంక్రాంతి ఉంది. ఏది అసలుదో ఎకౌంటెంటు గారికి చూడగానే తెలుస్తుంది. ఆయన సెలవు పెట్టిన వారంలో బిల్లుల అమ్మాయి 'వాడొద్దు'లో మూడు రోజుల బిల్లులు కొట్టింది. ఆ మూడు రోజులూ వ్యాపారం బ్రహ్మాండంగా సాగింది, పాత బాకీల జంజాటమే లేదు.

రిపేరు అయ్యాక తెరిచి చూస్తే కొన్ని వరసల నిండా డిలీటెడ్, డిలీటెడ్ అని ఉంది. ఇంకొన్నిటిలో రైతు పేరూ వివరాలూ ఉండవలసిన చోట చైనా అక్షరాలు. విరిగిన పేజీని యాక్సెస్ తప్పుగా చదివితే అలా కనపడటం మామూలే. ఆఫీసులో ఎవరూ కంగారుపడలేదు. మన రొయ్యను ఎక్కువగా కొనేవి అమెరికా, చైనాలు. సరుకు కంటే ముందు రైతు పేరు చేరింది, తప్పేముంది?

ఇక్కడే ఈ ఫైలు గొప్పతనం పూర్తిగా కనపడుతుంది. ఫీడ్ అప్పు మీద వెళ్తుంది, పట్టుబడి డబ్బులో మినహాయిస్తారు. అంటే ప్రతి వరసా ఎవరో ఒకరి డబ్బు. ఫైలు నిష్పక్షపాతి, ఎవరి వరస దొరికితే అది మింగుతుంది. ఇచ్చిన బస్తాల వరస మింగితే ఆఫీసులో బిల్లు నకలుంది, డెలివరీ చలానా ఉంది, దింపి వచ్చిన వ్యాను డ్రైవరున్నాడు. పొద్దు వాలకముందే ఆ వరస మళ్లీ ఎక్కేస్తుంది. రైతు కట్టిన సొమ్ము వరస మింగితే మాత్రం, కంప్యూటరును తప్పుపట్టేంత చదువు ఎవరికుంది? "సిస్టంలో లేదు బాబాయ్. రసీదు ఉంటే పట్టుకురా, ఎక్కించేస్తాం" అంటారు, ఎంతో మర్యాదగా. రసీదు చెరువు గట్టు మీది షెడ్డులో, ఏరేటరు బెల్టుల మధ్య ఎక్కడో తడిసి ఉంటుంది. ఒకే రోగం, ఒకే మందు, ఒకవైపు మాత్రం సాయంత్రానికే నయమవుతుంది. పాతికేళ్లుగా ఈ ఫైలుకు వైద్యం చేయించాలనే తొందర యాజమాన్యానికి ఎందుకు కలగలేదో తెలియక కొందరు వాళ్లను అజ్ఞానులంటారు. నేనలా అనను. వాళ్లకు లెక్కలు బాగా తెలుసు.

రైతులు కూడా ఫైలు వల్ల బాగుపడ్డారు. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకోవడం నేర్చుకున్నారు. బస్తాలు దిగిన తేదీ, కట్టిన సొమ్ము, ఎదురుగా ఎవరున్నారో, అన్నీ కాపీయింగ్ పెన్సిలుతో. దానికి కాంపాక్ట్ అక్కర్లేదు, ఒక్క పేరూ చైనా వెళ్లలేదు. లెక్క తేలే రోజున తెరనూ నోటుబుక్కునూ ఎదురెదురుగా పెడతారు. తేడా వస్తే చైర్మన్ గారు కాసేపు కళ్లు మూసుకుని, "పోనీలెండి, చెరిసగం చేద్దాం" అంటారు. రైతు ముందే కట్టేసిన డబ్బులో సగాన్ని ఆయన అలా వదులుకోవడం చూస్తే ఎంతటివాడికైనా కళ్లు చెమరుస్తాయి.

అసూయాపరులు కొందరు సలహాలు ఇవ్వకపోలేదు. టేబుళ్లు ఒక ఫైలులో ఉంచి సర్వరులో పెట్టండి, ఫారాలూ రిపోర్టులూ వేరే ఫైలు చేసి ఎవరి కంప్యూటరులో వాళ్లకు ఇవ్వండి, తాత్కాలిక టేబుళ్లు అక్కడే పుట్టి అక్కడే పోతాయి, అసలు ఫైలు ఇంత ఉబ్బదు, విడదీసే సాధనం యాక్సెస్‌లోనే ఉంది అన్నారు. ఎకౌంటెంటు గారు చెవులు మూసుకున్నారు. "ఇన్నేళ్లు కలిసున్న కుటుంబాన్ని విడగొట్టమంటావా తమ్ముడూ?" ఇంకొకరు ఎస్‌క్యూఎల్ సర్వరులో ఎక్స్‌ప్రెస్ అని ఒక రకం ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు, టేబుళ్లు అందులోకి మార్చుకోండి అన్నారు. ఊరికే వచ్చేదాన్ని నమ్మకూడదని చైర్మన్ గారి సిద్ధాంతం. ఆఫీసులో ఉన్న యాక్సెస్ కాపీ ఎవరికి ఎంత కట్టి తెచ్చారని మాత్రం అడగకండి.

2018లో విండోస్ 10కు వచ్చిన 1803 అప్‌డేట్ తర్వాత ప్రపంచం నలుమూలలా షేర్డ్ డ్రైవ్‌ల మీది యాక్సెస్ ఫైళ్లు విరగడం మొదలైంది. డేటాబేస్ ఫార్మాట్ గుర్తించలేకున్నానని యాక్సెస్ చేతులెత్తేసేది. లోపం తమదేనని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. ఫైలు ఉన్న సర్వరు మీద లీజింగ్ అనే సదుపాయాన్ని ఆపేస్తే కుదుటపడుతుందని దారి కూడా చెప్పింది. ఆ దారిని ఆఫీసువారు పట్టించుకోలేదు గానీ, ఒప్పుకోలును మాత్రం ఫ్రేము కట్టినంత పని చేశారు. అప్పటినుంచి ఏం జరిగినా "అప్‌డేట్ అండి" అంటే సరిపోతోంది. మొన్న ఎలుక కొరికిన కేబులు కూడా అప్‌డేటే.

బ్యాకప్ లేదనుకునేరు, రాత్రి పదింటికి తప్పకుండా తీస్తారు. ఆ సమయానికి చైర్మన్ గారి కంప్యూటరు లోపలే ఉంటుంది కాబట్టి తెరిచి ఉన్న ఫైలునే కాపీ చేస్తారు, అదే పెట్టెలో, అదే డిస్కు మీద, పక్క ఫోల్డరులో పెడతారు. నిన్నటి కాపీ మీదే ఇవాళ్టిది రాస్తారు. ఇవాళ ఏం విరిగిందో రేపటికి రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. ఈ కాపీని ఎప్పుడైనా తిరిగి తెరిచి చూశారా అని అడిగితే, దేవుడి గుడి తలుపు అకారణంగా తీయరండి అన్నారు.

ఈ ఏడాది పెద్దలు కూర్చుని శాశ్వత పరిష్కారం కనుక్కున్నారు. ఫైలు నిండిపోతోంది కాబట్టి 4 టీబీ హార్డ్ డిస్కు కొన్నారు. 2 జీబీ గీత డిస్కుది కాదు, ఫైలుది అని చెప్పబోయేసరికి టీ వచ్చింది. రెండో తీర్మానం ఇంకా ఘనమైనది. ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆర్థిక సంవత్సరానికి కొత్త ఫైలు. పాతది మూయరు, పాత బాకీలు చూడాలి కదా. రెండింటికీ పేరు ఒకటే, ఫోల్డరు వేరు. పాతదాని కాపీ తీసి అందులోంచి కొత్తది చేస్తారు. కాపీ తీసే ముహూర్తం పగలు పదకొండింటికి పెట్టారు. పన్నెండుమంది అడ్మిన్లూ అప్పటికి లోపల పనిమీదే ఉంటారు గనక, ఏదైనా అనుమానం వస్తే అడగడానికి అందరూ అందుబాటులో ఉంటారట.